‘ప్రేయసి’ మీద ఎర్ర గీత

అత్తయ్యగారికి కంట్లో చుక్కలు వేసి, రేపటికి మినప్పప్పు నానబోసి పడుకుందామనుకున్నాను గాని, గుంటూరు నుంచి తెచ్చుకున్న ప్రూఫు కాగితాలు బల్ల మీద ఉండగా నిద్ర పట్టేలా లేదు. పదకొండేళ్ళ తరువాత నా కథ ఒకటి పత్రికలో రాబోతోంది. ఆ సంతోషం బస్టాండు దాకా నాతో వచ్చింది. బస్సులో కూర్చుని కాగితాలు విప్పేసరికి, తొమ్మిది పేజీల కథలో మూడుచోట్ల ‘ప్రేయసి’ అన్న మాట మీద ఎర్ర సిరా గీత ఉంది. మూడుచోట్లా దాని పైన గుండ్రటి అక్షరాలతో ‘ప్రాణ స్నేహితురాలు’ అని రాసి ఉంది.

ఇద్దరు స్త్రీలు ఒకరినొకరు ప్రేమించుకున్న కథ అది. ఆ సంగతి తెలిసే వేసుకుంటామన్నారు. ఫోను చేస్తే సంపాదకులవారు మర్యాదగానే చెప్పారు: “కథలో ఏమీ తగ్గించలేదమ్మా. ప్రేయసి అని మగవాడే కదా అంటాడు, ఆడవాళ్ళ నోట ఎబ్బెట్టుగా ఉంటుంది. చట్టం ఒప్పుకున్నా మన పాఠకులు ఒప్పుకోవాలి కదా.” నేను “అలాగేనండీ, చూస్తాను” అని పెట్టేశాను. అలా అన్నందుకే ఇప్పటిదాకా లోపల రగులుతోంది.

ఎబ్బెట్టు ఎందుకవుతుంది? ‘మరింత ప్రియమైన’ అనే అర్థంలో సంస్కృతంలో ‘ప్రేయస్’ అన్న రూపం ఉంది, దాని స్త్రీలింగమే ‘ప్రేయసి’. అందులోని స్త్రీత్వం ప్రేమ పొందినవారిదే గాని, ప్రేమించినది ఎవరో ఆ మాట చెప్పదు. భావకవుల కాలం నుంచి మగగొంతులోనే వింటూ వచ్చాం గనుక అది మగవాడి సొత్తనుకుంటున్నాం. ఆ మాట కూడా తీసేస్తే మాకు మిగిలేది ‘స్వలింగ సంపర్కం’. 2018 సెప్టెంబరు 6న, స్వలింగ సంబంధాలను నేరంగా చూసిన 377వ సెక్షను ఇష్టపడి కలిసిన పెద్దవాళ్ళకు వర్తించదని సుప్రీంకోర్టు చెప్పిన సంగతి నేను చదివింది కూడా ఆ మాటతోనే. పంచనామాలో రాసుకునేలా ఉన్న ఆ పదాన్ని ఏ అమ్మాయి తన మనసుకు పేరుగా పెట్టుకుంటుంది?

ఉర్దూ రచయిత్రి ఇస్మత్ చుగ్తాయ్ 1942లో, ఇద్దరు ఆడవాళ్ళ దగ్గరితనం మీద రాసిన ‘లిహాఫ్’ (రజాయి) కథ అచ్చువేసినందుకు లాహోరు కోర్టుకు తిరగవలసి వచ్చింది. ఆ రజాయి కింద ఏం జరిగిందో ఆవిడ ఎక్కడా విప్పి చెప్పలేదు. అశ్లీలం ఎక్కడుందో చూపమంటే, ఒక సాక్షి ‘ఆషిఖ్’ (ప్రేమికుడు) అన్న మాటను పట్టుకున్నాడని తన జ్ఞాపకాల్లో రాసుకుంది. కేసు ఆవిడే గెలిచింది. తాడేపల్లిలో బస్సు దిగి ఆటోలో బ్యారేజీ దాటుతుంటే మరొకటి తట్టింది. తంజావూరు కవయిత్రి ముద్దుపళని శృంగార కావ్యం ‘రాధికా సాంత్వనము’ మీద 1911లో తెల్లదొరల ప్రభుత్వం పెట్టిన నిషేధం 1947లో ప్రకాశం పంతులుగారి చొరవతోనే తొలగింది, ఆయన పేరే ఈ వంతెనకు ఉంది. ఇవన్నీ కలిపి సంపాదకులవారికి పెద్ద ఉత్తరం రాయాలని వన్‌టౌన్ చేరేలోపే వాక్యాలు కూర్చుకున్నాను.

తీరా రాయడానికి కూర్చున్నాక రేపల్లె గుర్తొచ్చి కలం ఆగిపోయింది. ఊరు కాదు, మనిషి. 1994లో గుంటూరు బ్రాడీపేట హాస్టల్లో నా పక్క మంచం తనది, హాస్టల్లో అందరినీ ఊరి పేరుతోనే పిలిచేవాళ్ళం. తన ట్రంకుపెట్టె అడుగున పరిచిన పేపరు కింద నా చీటీ ఒకటి వార్డెనుకు దొరికింది. ‘నువ్వు ఊరెళ్ళిన ఆదివారం నాకు అన్నం సహించలేదు. నిన్ను ఎంత ప్రేమిస్తున్నానో తలుచుకుంటే నాకే భయంగా ఉంది.’ అంతే రాశాను, కింద పేరు పెట్టలేదు. తెలుగులో ‘నేను’, ‘నువ్వు’ అన్నంతవరకు ఆడా మగా తేడా కనిపించదు, మూడో మనిషి గురించి చెప్పినప్పుడే ఆ గుట్టు బయటపడుతుంది. వార్డెను ఆ చీటీని మూడుసార్లు చదివి, “ఎవడే వీడు?” అంది. నేను పక్కనే నిలబడి ఉన్నాను. రోజూ రిజిస్టరులో నా దస్తూరి చూసే మనిషి, అయినా పోల్చుకోలేదు. ఒక ఆడపిల్ల రాసి ఉండవచ్చునన్న ఊహే ఆవిడకు రాలేదు. రేపల్లె నా వంక చూడకుండా, “బస్సులో ఇచ్చాడండీ, పేరు తెలియదు” అంది.

పుట్టనే పుట్టని ఆ కుర్రవాడి కారణంగా మర్నాడు వాళ్ళ నాన్నగారు వచ్చి తనను తీసుకుపోయారు. నేను తప్పించుకున్నానన్న ఊరట, నన్ను ఎవరూ లెక్కలోకే తీసుకోలేదన్న బాధ ఒక్కసారే కలిగాయి. రెండింటిలో ఏది పెద్దదో ఇప్పటికీ చెప్పలేను. గోళ్ళరంగుతో పేరు రాసుకున్న తన ఎర్ర ప్లాస్టిక్ బకెట్టు బాత్రూం గోడ పక్కన మిగిలిపోయింది. పరీక్షలయ్యేదాకా అందులోనే నీళ్ళు పట్టుకున్నాను, ‘ల్లె’ అన్న అక్షరం అరిగిపోయేదాకా.

ఎందుకేడుస్తున్నావని అడిగినవాళ్ళందరికీ, “తను నా ప్రాణ స్నేహితురాలు” అనే చెప్పాను. అది అబద్ధమని అప్పుడు తోచలేదు, ఇప్పుడూ తోచడం లేదు. ఆ వయసులో నా దగ్గరున్న మాటల్లో అంతకంటే పెద్దది లేదు. అలాంటప్పుడు నా కథలోని పందొమ్మిదేళ్ళ పిల్ల రెండో పేజీలోనే ‘ప్రేయసి’ అని ఎలా అనగలిగింది? యాభయ్యేళ్ళ నేను దాని నోట్లో ఆ మాట కుక్కాను. ఇలాంటి కథల్లో నేను వెతుక్కునేది, ఇన్నాళ్ళూ స్నేహమని పిలుచుకున్నదానికి వేరే పేరు ఉందని ఆ మనిషికి తనంతట తనకే తెలిసే ఘడియ. దాన్ని నేనే ముందుగా ఖర్చు చేసేశాను. సంపాదకులవారు చెప్పిన కారణం తప్పేనని ఇప్పటికీ అంటాను, కాని ఆయన కలం పడిన చోటు సరైనదే.

పెద్ద ఉత్తరం మానేశాను. రెండో పేజీలోని దిద్దుబాటు అలాగే ఉంచాను. తొమ్మిదో పేజీలో, నలభై దాటిన ఆ మనిషి ఆటోలో ఒంటరిగా వెళుతూ తనలో తాను అనుకునే చోట, కొట్టేసిన ‘ప్రేయసి’ కింద చుక్కలు పెట్టి, అంచున ‘ఉంచాలి’ అని రాశాను. అది కూడా తీసేస్తామంటే కథ వెనక్కి తీసుకుంటాను. మా ఆయనకు ఈ కథ ఇంకా చూపించలేదు, పత్రిక ఇంటికి వచ్చాక చదువుతారేమో. ఐదో పేజీ మాత్రం ఎటూ తేలలేదు. అక్కడికి ఆ పిల్లకు ఇరవై ఆరేళ్ళు వచ్చాయి, పెళ్ళయింది, తెలిసీ తెలియనట్టు ఉంది. రేపు అత్తయ్యగారి కాఫీ అయ్యాక మళ్ళీ చదవాలి.