సైలెన్సర్ లోపలి నుంచే తింటుంది తుప్పు

సముద్రం పక్కన ఉంటే బండికి తుప్పు తప్పదని చెన్నై తిరువాన్మియూరులో ఎవర్నడిగినా చెబుతారు. ఉప్పుగాలి సంగతి నిజమే. మా అపార్ట్‌మెంటు గేటు కీళ్లు మొదలు బాల్కనీ గ్రిల్లు దాకా అన్నిటినీ అది కొరుక్కు తింటోంది. కానీ మొన్న మా కారు సైలెన్సర్ ఇంట్లోనే విప్పి, హాక్సాతో కోసి చూస్తే బయటి రేకు మీద పైపైన మాత్రమే తుప్పుంది. లోపలి రేకులు పొరలుగా లేచి, తడితే పొట్టులా రాలుతున్నాయి. కారు తక్కువ తిరగడమే దీనికి అసలు కారణం.

లీటరు పెట్రోలు కాలితే దాదాపు లీటరు నీళ్లు పుడతాయి. పెట్రోల్లోని హైడ్రోజన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి నీటి ఆవిరిగా పొగగొట్టంలోకి వస్తుంది. బండి చాలాసేపు నడిస్తే గొట్టమంతా కాగి ఆ ఆవిరి బయటికి పోతుంది. మా బండి పొద్దున పాపను బళ్లో దింపి, వచ్చేటప్పుడు కూరగాయలు తెచ్చి, మళ్లీ నీడకు చేరుతుంది. అంత తక్కువ దూరానికి ఇంజను దగ్గరి భాగమే వేడెక్కుతుంది, చివరనున్న సైలెన్సర్ డబ్బా చల్లగా ఉంటుంది. ఆవిరి అక్కడికొచ్చి నీళ్లై నిలుస్తుంది. పొగలోని ఆమ్లం అందులో కలుస్తుంది. నీళ్లు కారిపోవడానికని కొన్ని సైలెన్సర్ల అడుగున సన్నటి చిల్లు పెడతారు. మాదాంట్లో అది మసితో పూడిపోయి ఉంది.

చిల్లుపడ్డ సైలెన్సర్ చేసే శబ్దం ఒక్కటే అయితే నేనింత బాధపడేవాణ్ణి కాదు. వెనక సీట్లో కూర్చునే మా అమ్మ కొన్నాళ్లుగా కారు దిగగానే తలకాయ నొప్పి అంటోంది. ఏసీ పడటం లేదేమో అంది మా ఆవిడ. వంగి చూస్తే మధ్య గొట్టం వెనక డబ్బాలో కలిసేచోట, దాదాపు అమ్మ కూర్చునే వైపే, వేలు దూరేంత చిల్లు. పొగలో ఉండే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ లేదు, వాసనా లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌కి అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. కారు అడుగున వైర్లు దూరే రబ్బరు మూతలు పాతబడితే ఆ గ్యాసు లోపలికి రావడానికి అడ్డేముంది? పొల్యూషన్ సర్టిఫికెట్ ఉంది కదా అని ధైర్యపడేవాళ్లకు ఒక మాట: ఆ పరీక్షలో మీటరు గొట్టం చివర పెడతారు. దారిలో కారుతున్న పొగ ఆ మీటరుకు అందదు.

ముందు దగ్గర్లోని షెడ్డులో చిల్లు మీద రేకు ముక్క పెట్టి వెల్డింగ్ చేశారు. లోపలి నుంచి పలచబడిన రేకు ఆ వేడికి నిలవదు. కొద్దిరోజులకే అతుకు పక్కన ఇంకో చిల్లు. మరో చోట, ఎలాగూ విప్పుతున్నాం కాబట్టి పొగలోని విషాన్ని తగ్గించే కాటలిటిక్ కన్వర్టర్ కూడా తీసేసి ఉత్త గొట్టం వేస్తాం, పికప్ పెరుగుతుంది అన్నారు. నాకు మనసొప్పలేదు. చెన్నైతో సహా నాలుగు మహానగరాల్లో 1995 నుంచి కొత్త పెట్రోలు కార్లకు దాన్ని తప్పనిసరి చేశారు. దాంట్లోని ప్లాటినం, పల్లాడియం, రోడియం పూత కార్బన్ మోనాక్సైడ్‌ను కార్బన్ డయాక్సైడ్‌గా మారుస్తుంది. కన్వర్టర్ పీకేస్తే ఆ విషం సిగ్నల్ దగ్గర మన వెనక ఆగిన స్కూటరు మీది పసిబిడ్డ ముక్కులోకే పోతుంది. బండి మనదే, గాలి అందరిదీ.

మార్చాల్సిన సరుకు కోసం, పాత బళ్ల సామాన్లు అమ్మే పుదుపేటకు వెళ్లమన్నారు చాలామంది. పాత తలుపులకీ అద్దాలకీ ఆ వీధుల్ని మించినవి లేవు. సైలెన్సర్ మాత్రం పాతది కొనకూడదు, లోపలెంత తినేసిందో పైకి కనపడదు. జనరల్ ప్యాటర్స్ రోడ్డులో మా మోడల్‌కి సరిపోయే కొత్త మధ్య గొట్టం, వెనక డబ్బా తీసుకున్నాను. మామూలు ఇనప రేకుది చవగ్గా దొరుకుతుంది. అల్యూమినియం పూత ఉన్నది అడిగి తీసుకోండి, తుప్పును బాగా ఆపుతుంది. వాటితోపాటు కీళ్ల మధ్య పొగ కారకుండా వేసే ప్యాకింగులు, వేలాడదీసే రబ్బర్లు, నట్లు, బోల్టులు అన్నీ కొత్తవే. పాత ప్యాకింగు మళ్లీ వేస్తే పొగ కారుతుంది.

నాయుడుపేటలో లారీ షెడ్డు నడిపిన మా బాబాయికి ఫోన్ చేశాను. సైలెన్సర్ మాట ఎత్తకముందే, "జాకీని నమ్మి కిందికి దూరబాకు అబ్బయా" అన్నాడు. నేనీ పని గురించి రాసేదే ఆ మాట కోసం. జాకీ ఎత్తడానికి మాత్రమే. ఎత్తాక గట్టి నేల మీద స్టాండ్లు పెట్టి బండిని వాటి మీదికి దించాలి. ముందు చక్రాలకు రెండువైపులా చెక్క దిమ్మెలు వేశాను, విప్పిన చక్రాన్ని కూడా బండి కిందికి తోశాను. కంట్లో తుప్పు రాలకుండా కళ్లద్దాలు తప్పనిసరి. గొట్టం పూర్తిగా చల్లారాకే చెయ్యి పెట్టాలి.

పట్టేసిన నట్లకు ముందురోజు రాత్రే తుప్పు వదిలించే నూనె కొట్టి వదిలేశాను. "ముందు బిగించే వైపు కొంచెం తిప్పు, కదిలినాక విప్పు" అన్నాడు బాబాయి. అలా చేస్తే ఒక నట్టు వచ్చింది. ఇంకోటి కదల్లేదు, హాక్సాతో ఓపిగ్గా కోశాను. పక్కనే పెట్రోలు ట్యాంకు ఉంది కాబట్టి గ్రైండరూ, మంటా ఆ చోటికి తేకూడదు. రబ్బర్లకు సబ్బునీళ్లు రాస్తే కొక్కేల నుంచి జారి వచ్చాయి. ఇక్కడ మా బావమరిది కింద డబ్బా పట్టుకోకపోతే నాకు కష్టమయ్యేది. అది చేతికి బరువు, ఒక్కరు చేసే పని కాదు.

బిగించేటప్పుడు తొందర పనికిరాదు. మొత్తం గొట్టాన్ని రబ్బర్ల మీద వేలాడదీసి, బోల్టులన్నీ వదులుగా ఎక్కించి, ఇరుసుకీ ట్యాంకుకీ తగలకుండా చుట్టూ ఎడం ఉందో లేదో చూశాను. ఆ తర్వాతే ఇంజను వైపు నుంచి వెనక్కి ఒక్కో కీలూ బిగించాను. వెనక నుంచి మొదలెడితే గొట్టం మెలిపడి రబ్బర్ల మీద బరువు పడుతుంది. మరలకు రాగి పేస్టు రాస్తే రేపు విప్పాల్సినప్పుడు సులువు.

స్టార్ట్ చేసే ముందు బండిని స్టిల్ట్ పార్కింగ్ కింది నుంచి వీధిలోకి తోశాం. కీళ్లకు సబ్బునీళ్లు పూసి, చల్ల ఇంజను మీదే బావమరిది స్టార్ట్ చేశాడు. తడిగుడ్డ మందంగా మడిచి గొట్టం చివర కాసేపు అడ్డం పెట్టి విన్నాను. ఎక్కడా బుడగ లేదు, బుస్సుమనే శబ్దమూ లేదు.

అమ్మకు తలనొప్పి తగ్గింది. ఇప్పుడు ఆదివారాలు వీలైనప్పుడల్లా ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద మహాబలిపురం దాకా వెళ్తున్నాం. 40 కిలోమీటర్లకు పైనే కాబట్టి డబ్బా లోపల తడి మొత్తం ఆరిపోతుంది. మొదటిసారి వెళ్లొచ్చాక, బండి చల్లారనిచ్చి బోల్టులన్నీ ఇంకోసారి చూశాను. వేడికి సాగి, చల్లారి ముడుచుకున్నాక కొత్త ప్యాకింగు కొంచెం అణుగుతుంది. మధ్య కీలు దగ్గర పావు చుట్టు బిగిసింది.