చవితి ముందురోజు ఎలుక

పొద్దున్నే కాఫీ కప్పుతో పెరట్లోకి వెళ్తే ట్రాప్ పడి ఉంది. పక్కింటి పెద్దాయన ఇచ్చిన చెక్కపెట్టె అది, ఒక పక్క గుండ్రటి కన్నం, లోపల స్ప్రింగు, ఎరగా బఠాణీ గింజంత పీనట్ బటర్. మూత ఎత్తి చూస్తే ఒంటికన్నా పొడుగు తోకున్న నల్లెలుక, మీసాలకి ఇంకా పీనట్ బటర్ అంటుకునే ఉంది. రేపేమో వినాయక చవితి!

వెల్లింగ్టన్ వచ్చిన కొత్తలో ఈ పిచ్చి నాకు అర్థమయ్యేది కాదు. తెనాలిలో మేమూ ఎలుకల్ని పట్టేవాళ్లం కానీ అది బియ్యం బస్తాల కోసం, ఇక్కడ జనం పిట్టల కోసం పడతారు. న్యూజిలాండ్ నేల మీద పాలిచ్చే జంతువుల్లో మొదట్నుంచీ ఉన్నవి గబ్బిలాలే. అందుకే ఇక్కడి చాలా పిట్టలకి పైనుంచి చూసి వేటాడే గద్దలకి చిక్కకుండా కదలకుండా ఉండటం తెలుసు, వాసన పట్టి వచ్చేవాటి ముందు కూడా అలాగే కూర్చుంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. 1837లో బొచ్చు వ్యాపారానికని ఆస్ట్రేలియా నుంచి పోసమ్‌లని (చెట్లెక్కే బొచ్చు జంతువులు) తెచ్చారు. తాము తెచ్చిన కుందేళ్లే పచ్చిక మేసేస్తుంటే 1880ల్లో వాటి మీదికి స్టోట్‌లని వదిలారు, మన ముంగిస లాంటివే, ఇంకా సన్నం. పిట్టలు పోతాయని అప్పుడే మొత్తుకున్నారు కొందరు, ఎవరు విన్నారు! స్టోట్ తొర్రలో దూరితే గుడ్ల మీద కూర్చున్న తల్లి కాకాకి బయటికి దారుండదు (కాకా అంటే ఇక్కడి పెద్ద చిలుక, మనం పట్టే కాకా కాదు).

ఊళ్లో కాకాలు దాదాపు లేకుండా పోతే, చుట్టూ 8.6 కిలోమీటర్ల కంచె కట్టిన జీలాండియా అనే ఇక్కడి అభయారణ్యంలో 2002లో మళ్లీ వదిలారు. ఇవాళ ఎలుకని పాతిపెడుతుంటే ఒకటి పక్కింటి పైన్ చెట్టు బెరడు బరబరా చీలుస్తూ నా మీద పొట్టు రాల్చింది, కృతజ్ఞత లేని జాతి. 2050 కల్లా ఎలుకలు, స్టోట్‌లు, పోసమ్‌లు దేశంలోనే లేకుండా చేస్తామని ప్రభుత్వం 2016లో అంది, నాకైతే అంత నమ్మకం లేదు.

మధ్యాహ్నం అమ్మ ఫోన్లో నోరు జారాను.

"చవితి ముందురోజు స్వామి వాహనాన్ని చంపావట్రా?"

"నేను కాదమ్మా, ట్రాప్."

"ఆ ట్రాప్ పెట్టిందెవడ్రా?"

రేపొక్కరోజుకి తీసి పక్కన పెడదామనే అనుకున్నా. కానీ ఇక్కడ సెప్టెంబరంటే గూళ్లు కట్టే కాలం. సాయంత్రం ఉండ్రాళ్లకి రవ్వ ఉడుకుతుంటే వెళ్లి మళ్లీ పీనట్ బటర్ పెట్టొచ్చాను. అమ్మకి చెప్పలేదు.