‘మా రోదీ’ ఎవరో తెలియని రోజులు

వినాయక చవితి పూజలో కథ మొదలయ్యేసరికి మా పిల్లలందరి గుప్పిళ్ళలో అక్షతలుండేవి. పూజంతా ఒక ఎత్తు, ఆ గుప్పిడి ఒక ఎత్తు. కథ పూర్తయ్యేదాకా విప్పకూడదు. చెమటకి పసుపు కరిగి వేళ్ళ సందుల్లోంచి కారేది, గింజలు అరచేతికి అంటుకుపోయేవి. ముక్కు దురద పెడితే ఎడమ చేత్తో గోక్కోవాల్సిందే. తాతయ్య మాత్రం ఏమీ తొందరపడేవాడు కాదు. కళ్ళజోడు ముక్కు మీదికి జార్చి, అట్ట ఊడిపోయిన వ్రతకల్పం పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, ఆ గ్రాంథికంలోనే నింపాదిగా చదువుకుంటూ పోయేవాడు. మాకు సగం అర్థమయ్యేది కాదు. అయినా శ్లోకం ఎప్పుడొస్తుందో తెలిసిపోయేది. అక్కడికొచ్చేసరికి ఆయన గొంతు పెంచి, వేలెత్తి మమ్మల్ని కూడా అనమనేవాడు.

సింహః ప్రసేనమవధీత్ సింహో జాంబవతా హతః
సుకుమారక మా రోదీః తవ హ్యేష స్యమంతకః

ఇంటిల్లిపాదీ ఒక్కసారిగా అనేవాళ్ళం. పెద్దవాళ్ళు ముందుకు పోయేవాళ్ళు, చిన్నవాళ్ళం తోక పట్టుకుని వెళ్ళేవాళ్ళం.

నేనప్పుడు మూడో తరగతి. ‘మా రోదీ’ అంటే జాంబవంతుడి ఇంట్లో ఎవరిదో పేరనుకునేదాన్ని. మా సీత, మా రాధ అన్నట్టే మా రోదీ. పాపం ఎలుగుబంటి పిల్ల కాబట్టి పేరు కూడా అలా మొరటుగా పెట్టారనుకున్నాను. ఒక ఏడు ధైర్యం చేసి, “రోదీ అంటే జాంబవంతుడి పెద్ద కూతురా తాతయ్యా?” అని అడిగితే ఆయన నవ్విన నవ్వుకి కళ్ళజోడు పళ్ళెంలో పడింది. తర్వాత పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాడు. సంస్కృతంలో ‘మా’ అంటే వద్దు అని. ‘మా రోదీః’ అంటే ఏడవొద్దు. “సింహం ప్రసేనుణ్ణి చంపింది, ఆ సింహాన్ని జాంబవంతుడు చంపాడు, చిట్టి తండ్రీ ఏడవకు, ఈ శమంతకం నీదే.”

“అయితే జోలపాటా?” అన్నాను.

ఆయన పుస్తకం వైపు ఒకసారి చూసుకుని, “అవునే, జోలపాటే” అన్నాడు. అన్నేళ్ళుగా ఆ శ్లోకం చదువుతున్న మనిషికి కూడా ఆ మాట కొత్తగా తోచిందని ఆ గొంతు ఇప్పుడు గుర్తొస్తే అనిపిస్తుంది.

మాది తెనాలి వైపు, కాలవ గట్టు మీద ఊరు. పండగ మాకు ముందురోజు సాయంత్రమే వచ్చేసేది, పత్రి కోసం. 21 రకాలు కావాలి. గట్ల మీద గరిక, దడుల పక్కన ఉత్తరేణి, ఊరి చివర ఉమ్మెత్త, జిల్లేడు. జిల్లేడు పాలు కంట్లో పడితే కళ్ళు పోతాయని బెదిరించి మరీ పంపేవాళ్ళు. ఉత్తరేణి గింజలు గౌన్ల అంచులకి పట్టుకుని ఇంటిదాకా వచ్చేవి, రేగుకొమ్మ మోచేతుల మీద గీతలు పెట్టేది. వావిలి కాలవకి అవతల ఉండేది. దాని కోసం మగపిల్లలు వంతెన దాటి వెళ్ళి, ఏదో లంక జయించి వచ్చినట్టు వచ్చేవాళ్ళు. జమ్మి గుడి దగ్గర. ఇన్ని తిరిగినా 21 ఏనాడూ నిండలేదు. దేవదారు మా ఊళ్ళో ఎక్కణ్ణించి వస్తుంది? తాతయ్య దేవదారుపత్రం దగ్గరికి రాగానే రెండు అక్షతలు వేసి ముందుకు వెళ్ళిపోయేవాడు. దొరకనిదానికి బదులు నాలుగు గింజలు చాలనే దేవుడు నాకు అప్పట్లోనే నచ్చాడు. ‘గజకర్ణాయ నమః’ దగ్గర తులసి వేస్తున్నప్పుడు నాయనమ్మ ఏటా ఒకే మాట అనేది, వినాయకుడికి తులసి ఏడాదిలో ఈ ఒక్కరోజేనని.

మట్టి తాతయ్యే తెచ్చి పిసికేవాడు. చెక్క అచ్చులో అదిమి తీస్తే బొజ్జ బాగానే వచ్చేది, తొండం దగ్గరే పేచీ. కళ్ళకి గురివింద గింజలు. ఆ గింజలు పెట్టే పని ఎవరిదన్న దాని మీద మాలో మాకు యుద్ధాలయ్యేవి. ఒక ఏడు నేను ఒక కన్ను పెట్టాను, మా పెద్దనాన్న కొడుకు ఒకటి పెట్టాడు. స్వామి మూడు రోజులూ మెల్లకన్నుతోనే పూజలందుకున్నాడు. పుస్తకాలకి పసుపు రాసి పీట పక్కన పెట్టడం, ‘తొండము నేకదంతమును’ గుక్క తిప్పుకోకుండా చదవడం, గుంజిళ్ళు తీయడం అందరిళ్ళలోనూ ఉన్నవే. లెక్కల పుస్తకం మాత్రం నేను అడుగున పెట్టేదాన్ని, ఉద్వాసన అయ్యాక కూడా కాసేపు ఎవరికీ గుర్తు రాకుండా.

ఇక కథ. చంద్రుడు నవ్వడం, పార్వతీదేవి శపించడం మీకందరికీ తెలిసిందే. నాకు అందులో ఇష్టమైన చోటు వేరే ఉంది. చవితినాడు చంద్రుణ్ణి చూడకూడదని ద్వారకంతా చాటింపు వేశాక కృష్ణుడు ఆకాశం వంక తలెత్తనే లేదు. పాలంటే ప్రీతి కదా, స్వయంగా ఆవు పాలు పితకబోయాడు. పాత్రలోని పాలలో చంద్రుడు కనిపించాడు. తప్పు చేద్దామని చేయలేదు, దాచుకుని చూడలేదు. వంచిన తలకే చంద్రుడు ఎదురొచ్చాడు. చిన్నప్పుడు నాకు ఇది చాలా అన్యాయంగా తోచేది. ఇప్పుడూ కొంచెం అలాగే తోస్తుంది.

తర్వాత నింద రానే వచ్చింది. రోజుకి 8 బారువుల బంగారం ఇచ్చే మణి సత్రాజిత్తు దగ్గరుంది, దాన్ని రాజుకిమ్మని కృష్ణుడు అంతకుముందు అడిగి ఉన్నాడు, సత్రాజిత్తు ఇవ్వనన్నాడు. ఆ మణి మెళ్ళో వేసుకుని వేటకెళ్ళిన తమ్ముడు ప్రసేనుడు తిరిగి రాలేదు. ఊరికి ఇంకేం కావాలి? అడిగినవాడే చంపి తీసుకున్నాడన్నారు.

మా ఇంట్లో కూడా ఒక శమంతకం పోయింది. నవ్వకండి, మొక్కజొన్న కంకి. పాలవెల్లికి జామకాయలు, వెలగకాయ, దానిమ్మ, మామిడాకులతో పాటు లేత మొక్కజొన్న కంకి ఒకటి దారంతో కట్టేవాళ్ళు. రెండో రోజు పొద్దున్న లేచి చూస్తే తెగిన దారం ఉంది, కంకి లేదు. ముందురోజంతా నేను ఆ పాలవెల్లి కిందే తచ్చాడాను, “ఉద్వాసనయ్యాక ఆ కంకి నాకే” అని పదిమందికీ చెప్పుకున్నాను. అడిగిందాన్ని నేను, పోయింది అదే. పెద్దమ్మ నా వైపు చూసి, “దేవుడి ముందు నుంచి కూడా తీసేస్తారా తల్లీ ఈ కాలం పిల్లలు” అంది. పేరు పెట్టి అనలేదు. అలా అనకపోవడమే ఎక్కువ మండింది. నేను తీయలేదంటే నమ్మినవాళ్ళు లేరు. నమ్మలేదని చెప్పినవాళ్ళూ లేరు. అందరూ “పోన్లే, చిన్నపిల్ల” అన్నారు. ఆ పోన్లే అన్న మాట ఎంత కోస్తుందో, చెయ్యని తప్పుకి క్షమాపణ దొరికినవాళ్ళకే తెలుస్తుంది.

పైగా ఇందులో ఇంకో చిక్కుంది. ముందురోజు సాయంత్రం నేను చంద్రుణ్ణి నిజంగానే చూశాను. దొడ్లో బకెట్టు నీళ్ళలో. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఆ రాత్రి నాయనమ్మ పక్కలో పడుకుని ఏడుస్తుంటే ఆవిడ కారణం అడగలేదు. వీపు మీద చెయ్యి వేసి తడుతూ, పూజలో చదివే వరస వదిలేసి, ఉయ్యాల ఊపే లయలో అందుకుంది. సింహః ప్రసేన... మవధీత్... సింహో జాంబవతా హతః... ‘సుకుమారక’ దగ్గర ఆగి, ‘సుకుమారికా’ అని మార్చింది. అవతల మంచం మీంచి తాతయ్య “ఛందస్సు పోయిందే” అన్నాడు. “పిల్ల నిద్రపోతే చాలు, ఛందస్సు పొద్దున్న వస్తుంది” అంది ఆవిడ.

నాకు అప్పుడే ఒక అనుమానం. “నాయనమ్మా, మణి నీదే అని చెప్పి నిద్రపుచ్చారు కదా. మరి కృష్ణుడు తీసుకెళ్ళిపోయాడు. ఆ పిల్లకి తిరిగి ఇచ్చారా?”

ఆవిడ కాసేపు తట్టడం ఆపింది. “ఉయ్యాల్లో ఉన్నది జాంబవతేగా. మణి పోతే పోయింది, మణిని తీసుకెళ్ళినవాడే దక్కాడు” అంది. ఉయ్యాల్లో పిల్లకి అప్పుడే పెళ్ళెలా చేశారని నేను అడిగేలోపు తాతయ్య గొంతు మళ్ళీ వచ్చింది. “కథలో లెక్కలడక్కమ్మాయ్.”

పెద్దయ్యాక చూస్తే ఆ లెక్క తేలింది. మన వ్రతకథల్లో ఉయ్యాల్లో ఆడపిల్ల ఉంటుంది, మణి జాంబవతికి ఆటవస్తువు. కానీ ఈ శ్లోకం ఉన్న విష్ణుపురాణం నాలుగో అంశంలో ఆ పిల్లవాడు జాంబవంతుడి కొడుకు, పేరే సుకుమారకుడు. భాగవతం దశమ స్కంధంలోనూ కొడుకే. అంటే నా ప్రశ్నకి నాయనమ్మ చెప్పిన జవాబు పురాణం ప్రకారం నిలవదు. అయినా నేను దాన్ని మార్చుకోలేదు. ఆ రాత్రి నాకు కావలసింది అదే.

ఆ శ్లోకం గురించి నాకు ఇప్పటికీ ఆశ్చర్యం ఒక్కటే. నీలాపనిందల నుంచి కాపాడే మంత్రంగా మనం పట్టుకున్నది ఏ దేవత ఇచ్చిన వరమూ కాదు, కృష్ణుడు తన తరఫున చెప్పుకున్న మాటా కాదు. ఒక దాది పాట. ఆమెకి పేరు లేదు. బయట ద్వారకలో ఒక మనిషి మీద హత్యానేరం ఉందని ఆమెకి తెలియదు. గుహ చీకట్లో ఒక మనిషి నిలబడి వింటున్నాడనీ తెలియదు. పిల్ల ఏడుపు మాన్పడానికి జరిగింది జరిగినట్టు చెప్పింది, అంతే. ఎవరు ఎవరిని చంపారో, మణి ఎలా చేతులు మారిందో, రెండు ముక్కల్లో మొత్తం సాక్ష్యం. కొలువులో ఎవరూ చెప్పలేని నిజం ఉయ్యాల పక్కన బయటపడింది. వెంట వచ్చిన జనం ఆ పాట వినలేదు, కృష్ణుడు వాళ్ళని బయటే ఉంచి ఒంటరిగా లోపలికి వెళ్ళాడు.

ఆ వింత మనిషిని చూసి దాది కేకలు పెట్టింది, జాంబవంతుడు వచ్చాడు, 28 రోజులు పోరు సాగింది. బయటివాళ్ళు 12 రోజులు చూసి ఇంటిదారి పట్టారని భాగవతం చెబుతుంది. కృష్ణుడు రాలేదని తెలిశాక ద్వారక జనం సత్రాజిత్తుని తిట్టుకుంటూ, కృష్ణుడు తిరిగి రావాలని చంద్రభాగ అనే దుర్గని కొలిచారట. మొన్నటిదాకా గుసగుసలాడింది ఏ ఊరో, నేడు శాపనార్థాలు పెట్టిందీ ఆ ఊరే. వ్యాసుడు ఈ మాట ఊరికే వేసి వెళ్ళిపోతాడు, దాని మీద వ్యాఖ్యానమేమీ చెయ్యడు. వచ్చాక కృష్ణుడు చేసిన పని కూడా నాకిష్టం. సత్రాజిత్తుని సభకి పిలిపించి, రాజు ముందు, మణి ఎలా దొరికిందో చెప్పి అతని చేతికిచ్చేశాడు. నింద నలుగురిలో పడింది కాబట్టి నలుగురిలోనే తీర్చుకున్నాడు. సత్రాజిత్తు తల దించుకుని మణి పుచ్చుకున్నాడు.

మా ఇంట్లో సభ మూడో రోజు పొద్దున్న జరిగింది. బియ్యం డ్రమ్ము జరిపితే దాని వెనకాల కంకి, సగం గింజలు కొరికేసి ఉంది. చుట్టూ ఎలుక పెంటికలు. తాతయ్య ఆ కంకిని చిటికెన వేలికి దారంతో వేలాడదీసుకుని వసారాలోకి వచ్చి అందర్నీ పిలిచాడు. “దొంగ దొరికాడు. కానీ వాడి యజమాని అదిగో పీట మీద కూర్చున్నాడు. ఇక ఎవరికి చెప్పుకుంటాం?” ఇంటిల్లిపాదీ నవ్వింది. నేను నవ్వలేదు, నాకింకా కోపంగానే ఉంది. పెద్దమ్మ ఏమీ అనలేదు. మధ్యాహ్నం అన్నంలో మాత్రం నా విస్తట్లో అందరికంటే ఒక ఉండ్రాయి ఎక్కువ పడింది. కాసేపు దాన్ని ముట్టుకోకుండా బిగుసుకు కూర్చుని, తర్వాత తినేశాను.

బకెట్టులో చంద్రుడి సంగతి నాయనమ్మకి చెప్పాను, చాలా ఏళ్ళకి, నా పెళ్ళయ్యాక. “మరి కథ విని అక్షతలు వేసుకున్నావుగా, అయినా నింద వచ్చిందేమిటే” అని తనే ఆలోచనలో పడింది. తర్వాత, “రావడం ఆగదేమో. తీరిపోయింది కదా” అంది. ఇంకేదో చెప్పబోయి, పొయ్యి మీద పాలు గుర్తొచ్చి లేచిపోయింది.

ఇప్పుడు హైదరాబాద్‌లో పత్రి సంచిలో కట్టి అమ్ముతారు. మామిడి, జిల్లేడు, ఉత్తరేణి, ఇంకేవో నాలుగు కొమ్మలు. మిగతావాటి దగ్గర నేనూ తాతయ్యలాగే అక్షతలు వేసి ముందుకు వెళ్ళిపోతాను. కథ చదువుతాను, శ్లోకం పిల్లల చేత అనిపిస్తాను, తల మీద అక్షతలు వేసుకుంటాం. అంతా అయ్యాక కూడా సాయంత్రం ఆరేసిన బట్టలు తీయడానికి డాబా మీదికి తల వంచుకునే వెళ్తాను. పక్క డాబా మీద ఆవిడా అంతే. మా ఇద్దరికీ ఏడాదంతా మాట్లాడుకునే తీరిక ఉండదు. ఆ సాయంత్రం మాత్రం నేల వైపే చూస్తూ, “పాలతాలికలు చేశారా?” “చేశామండీ, మీరు?” అని పలకరించుకుంటూ బట్టలు మడతపెట్టుకుంటాం.