కొలుములు ఆరాయి, గడియారం ఆగలేదు

నేను పని చేసే గోదాము ఉన్న నేల ఒకప్పుడు బెత్లెహేమ్ స్టీల్ కంపెనీది. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో, బెత్లెహేమ్ అనే ఊళ్లో లీహై నది దక్షిణపు గట్టు వెంబడి మైళ్ల పొడవున సాగిన కర్మాగారం అది. ఇప్పుడు ఆ స్థలంలో చాలా భాగం కిటికీలు లేని గోదాములతో, వాటి ముందు బారులు తీరిన ట్రక్కులతో నిండిపోయింది. న్యూయార్క్, ఫిలడెల్ఫియా రెండూ దగ్గర కావడంతో సరకుల పంపిణీకి ఈ లోయ బాగా అనువైంది. గోదాము కంప్యూటర్ వ్యవస్థ చూసుకోవడం నా ఉద్యోగం. ఒక పెట్టెను అరలోంచి తీసి, స్కాన్ చేసి, బండి మీద పెట్టడానికి మనిషికి ఎన్ని సెకన్లు ఇవ్వాలి అనే లెక్కలు కూడా నా చేతి మీదుగానే వెళతాయి.

ఈ ఊరికి ఎవరు వచ్చినా ముందు చూపించేది వరసగా నిలబడ్డ ఐదు బ్లాస్ట్ ఫర్నేసులను, అంటే ఖనిజం నుంచి ఇనుము కరిగించి తీసిన భారీ కొలుములను. దాదాపు 230 అడుగుల ఎత్తున, తుప్పు రంగుతో ఊళ్లో ఎక్కడి నుంచైనా కనిపిస్తాయి. ఇనుప ఖనిజం, కోక్ అనే కాల్చిన బొగ్గు, సున్నపురాయి మోసుకుంటూ బండ్లు తిరిగిన ఎత్తైన పట్టాల వంతెనను 2015లో నడక దారిగా మార్చారు. దాని మీద నడిస్తే కొలుముల నోళ్లు, గొట్టాలు, కవాటాలు చెయ్యి చాపితే అందేంత దగ్గరగా కనిపిస్తాయి. కింద సంగీత కచేరీలు జరుగుతుంటాయి. కాస్త దూరంలో కాసినో ఉంది. కూల్చి పాత ఇనుముకు అమ్మేయకుండా ఈ కొలుములను నిలబెట్టినందుకు ఊరివాళ్లను ఎంత మెచ్చుకున్నా తక్కువే.

ఇక్కడ తయారైన ఉక్కు ఎక్కడెక్కడికి చేరిందో తలచుకుంటే ఒళ్లు పులకరిస్తుంది. హెన్రీ గ్రే కనిపెట్టిన పద్ధతిలో వెడల్పు అంచుల దూలాలను 1908 నుంచి ఇక్కడ వేడి ఉక్కును రోలర్ల మధ్య సాగదీసి తయారు చేశారు. ఆకాశహర్మ్యాల అస్థిపంజరం వాటితోనే తేలికైంది. న్యూయార్క్‌లోని క్రైస్లర్ భవనానికి ఉక్కు ఈ కంపెనీదే. గోల్డెన్ గేట్ వంతెన భాగాలను బెత్లెహేమ్‌తో పాటు కంపెనీకి చెందిన మరికొన్ని కర్మాగారాల్లో చేసి, రైళ్ల మీద ఫిలడెల్ఫియాకు, అక్కడి నుంచి ఓడల్లో పనామా కాలువ గుండా శాన్‌ఫ్రాన్సిస్కోకు పంపారు. రెండో ప్రపంచ యుద్ధంలో కంపెనీ నౌకా కేంద్రాలు వెయ్యికి పైగా ఓడలు కట్టాయి.

ఈ గొప్పలన్నీ ఊరంతా చెబుతుంది. నన్ను పట్టుకుని వదలనిది మాత్రం 1899లో ఈ కర్మాగారంలోనే జరిగిన ఒక ప్రయోగం.

అప్పట్లో పెరట్లో పేరుకుపోయిన ముడి ఇనుప దిమ్మెలను రైలు వ్యాగన్లలోకి ఎక్కించాల్సి వచ్చింది. ఒక్కో దిమ్మె 92 పౌండ్లు, అంటే దాదాపు 42 కిలోలు. కూలీ దాన్ని ఎత్తుకుని, వాలుగా వేసిన పలక మీదుగా ఎక్కి, వ్యాగన్‌లో పడేసి దిగాలి. సగటున మనిషి రోజుకు పన్నెండున్నర టన్నులు మోసేవాడు. కంపెనీ నియమించుకున్న ఇంజినీరు ఫ్రెడరిక్ టేలర్ దాన్ని నలభై ఏడు టన్నులకు పెంచాలన్నాడు. అంటే రోజుకు వెయ్యికి మించి దిమ్మెలు! ఎంపిక చేసిన కూలీకి 1.15 డాలర్ల దినకూలిని 1.85 చేశారు. పని దాదాపు నాలుగింతలైతే కూలి రెట్టింపు కూడా కాలేదు. ఆ కూలీ అసలు పేరు హెన్రీ నోల్. టేలర్ తన రాతల్లో అతనికి ష్మిట్ అని పేరు పెట్టి, ఎద్దుతో పోల్చాడు. పగలు దిమ్మెలు మోస్తూనే సొంత ఇల్లు కట్టుకుంటున్న మనిషి అతను. టేలర్ ఈ కథను చాలా పెంచి చెప్పాడని తర్వాతి పరిశోధకులు తేల్చారు. అయినా ఆ కథే ప్రపంచమంతా పాకి, కార్ఖానాల్లో మనిషి కదలికను సెకన్లలో కొలిచే అలవాటుకు పునాది అయింది.

నా తెర మీది అంకెలకు మూలపురుషుడు నేను రోజూ కారు ఆపే నేల మీదే తిరిగాడని తెలిశాక వాటిని మునుపటిలా చూడలేకపోయాను.

మా గోదాములో ఫోర్క్‌లిఫ్ట్ నడిపే పెద్దాయన తండ్రి కొలుముల దగ్గర పని చేశాడు. వాళ్లమ్మ ఉతికిన బట్టలు ఆరేసే ముందు తీగను తడిగుడ్డతో తుడిచేదట. లేకపోతే ఎర్రటి ఖనిజపు దుమ్ము బట్టల మీద గీతలా పడేది. 1995 నవంబరులో ఇక్కడ ఉక్కు తయారీ ఆగింది. 2001లో కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. 2003లో విశ్రాంత కార్మికులు, వారి కుటుంబాలు కలిపి దాదాపు 95,000 మందికి ఆరోగ్య బీమా రద్దయింది. ఆ ఏడాది గురించి ఆయన ఒక్క మాట కూడా పొడిగించడు. తీగ తుడిచిన సంగతి మాత్రం అడిగిన ప్రతిసారీ చెబుతాడు.

దక్షిణపు వీధుల్లో నడిస్తే స్లోవాక్‌లు, హంగేరియన్లు, పోలిష్‌వాళ్లు ఎవరికి వారు కట్టుకున్న చర్చిలు కనిపిస్తాయి. 1923లో మెక్సికన్లను ఈ కర్మాగారం రప్పించుకుంది, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పోర్టోరికో వాళ్లు కూడా ఇక్కడ పనికి వచ్చారు. ఇంగ్లీషు రానివాళ్లకు బరువు పనులు దక్కేవి. పన్నెండు గంటల పని దినాలు సాధారణం. 1910లో అదనపు గంటలు, ఆదివారం పని మీద మొదలైన సమ్మె మూడు నెలలకు పైగా సాగింది. రాష్ట్ర పోలీసుల కాల్పుల్లో ఒక కార్మికుడు చనిపోయాడు. యూనియన్‌ను గుర్తించడానికి కంపెనీకి ఇంకో మూడు దశాబ్దాలు పట్టింది.

వీసా ఉద్యోగంతో ముడిపడి ఉన్నవాడికి సమావేశంలో ఎదురు మాట్లాడటం తేలిక కాదు. అయినా అలసటకని లెక్కలో కలిపే విరామాన్ని తగ్గిద్దామన్న ప్రతిపాదన వచ్చినప్పుడు, టేలర్ తానే రాసిన ఒక సంగతిని ముందు పెట్టాను. 92 పౌండ్ల దిమ్మెలు మోసే మేటి కూలీ అయినా రోజులో 43 శాతం సమయమే బరువు కింద ఉండగలడు, మిగతా 57 శాతం ఉత్త చేతులతో ఉండాలి. తిరిగి నడిచే సమయమూ, కూర్చునే సమయమూ అందులోవే. గడియారం పట్టుకున్న మనిషే విశ్రాంతిని పనిలో భాగంగా లెక్కించాడు. మనం ఆయన గడియారాన్ని ఉంచుకుని ఆ సగాన్ని ఎందుకు వదిలేశామని అడిగాను.

బరువు పెట్టెల విభాగంలో కోత ఆగింది. తేలిక పెట్టెల సంగతి వచ్చే సమీక్షకు వాయిదా పడింది. అప్పటికి రాత్రి షిఫ్టు వాళ్లు అరల మధ్య నడిచే దూరాలన్నీ కొలిచి, ఆ అంకెలతో వెళ్లాలని ఇప్పటి నుంచే రాసుకుంటున్నాను.