క్రిస్మస్ రోజుల కోసం గుడ్డ అట్ట జర్నల్

గుడ్డ అట్ట జర్నల్ అనగానే అందరి దృష్టీ గుడ్డ అంటించడం మీదే ఉంటుంది. అట్ట వంగిపోయినా, ఎర్ర రంగు పేజీలకు అంటినా, పుస్తకం ఉబ్బి మూత పడకపోయినా దాని కారణం మాత్రం చాలాసార్లు అంతకుముందే, కాగితం కోసే దగ్గరో గుడ్డ ఎంచుకునే దగ్గరో ఉంటుంది. క్రిస్మస్ జర్నల్‌కు ఇంకో సంగతి కూడా ఉంది. ఇందులో రాసేదానికంటే అంటించేది ఎక్కువ. ఫోటోలు, గ్రీటింగ్ కార్డులు, సెమీ క్రిస్మస్ ఆహ్వానం, కేరల్స్ పాటల కాగితం, డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో చేతికిచ్చే వాగ్దానం కార్డు, అన్నీ ఇందులోకే వస్తాయి. మామూలు నోటుపుస్తకం లెక్కన కడితే డిసెంబరు సగం కాకముందే పుస్తకం నోరు తెరుస్తుంది. అందుకే ఆ మందానికి చోటు కుట్టేటప్పుడే వదలాలి.

ముందు రోజుల లెక్క చూద్దాం. ఆగమన కాలం క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగో ఆదివారం మొదలవుతుంది. 2026లో అది నవంబరు 29. అక్కడి నుంచి జనవరి 6, ముగ్గురు రాజుల పండుగ దాకా 39 రోజులు. రోజుకు రెండు పేజీలనుకుంటే 78. ఫోటోలకు, పాటలకు, వంటల పట్టీకి కాస్త కలిపి 96 పేజీలు పెట్టుకుంటే సరిపోతుంది. ఫారానికి (ఒకదానిలో ఒకటి మడిచి పెట్టిన నాలుగు షీట్ల కట్ట) 16 పేజీల చొప్పున ఆరు ఫారాలు. పని మొత్తం గట్టిగా చేస్తే రెండు రోజులదే కానీ ఆరడానికి ఎక్కువ సమయం కావాలి. నవంబరు రెండో వారంలో మొదలుపెట్టండి. కోస్తాలో ఆ రోజుల్లో వానలుంటే ప్రతి దశకూ ఇంకో పూట కలుపుకోండి.

కాగితం 100 నుంచి 120 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాముల బరువు) ఉండాలి. జిరాక్సుకు వాడే 75 జీఎస్ఎం మీద ఇంకు వెనక్కి కనబడుతుంది, జిగురు తగిలితే ముడతలు పడుతుంది. ఏ4 షీటును సగానికి మడిస్తే ఏ5 పుస్తకం వస్తుందని చాలామంది అలాగే కట్టేస్తారు. తప్పు అక్కడే జరుగుతుంది. కాగితంలో నార ఒక దిశగా పరుచుకుని ఉంటుంది. తడి తగిలితే కాగితం ఆ నారకు అడ్డంగా సాగుతుంది. నార పుస్తకం వెన్నుకు, అంటే కుట్టు పడే అంచుకు, సమాంతరంగా ఉంటే ఆ సాగుడు పేజీ బయటి అంచు వైపు పోతుంది, ఇబ్బంది ఉండదు. వెన్నుకు అడ్డంగా ఉంటే మాత్రం వెన్ను పొడవునా అలలు వస్తాయి, పేజీలు తెరిచిన చోట పడుకోవు. మామూలు ఏ4లో నార ఎక్కువగా పొడవు వైపే ఉంటుంది కాబట్టి మడిస్తే అడ్డం పడుతుంది. పొడవు వైపు నార ఉన్న ఏ3 షీట్లు కొని అడ్డంగా రెండుగా కోసి, ఆ ముక్కను మడవండి, సరైన దిశ వస్తుంది. అనుమానం ఉంటే చిన్న చదరపు ముక్క కోసి ఒక వైపు తడపండి. అది గొట్టంలా చుట్టుకుంటుంది. ఆ గొట్టం ఏ దిశలో పడుకుందో నార దిశ అదే.

ఆరు ఫారాలకు ఏ3 షీట్లు 12, ఎండ్ పేపర్లకు (పుస్తకాన్ని అట్టకు కలిపే మడత కాగితాలు) ఒకటి, కింద చెప్పే పట్టీలకు ఒకటి, చెడిపోతే వాడుకోవడానికి ఒకటి. మొత్తం 15.

పట్టీల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే జర్నల్ మూత పడేదీ పడనిదీ వీటి మీదే ఉంది. అదే కాగితంలో 40 మి.మీ. వెడల్పు, 210 మి.మీ. పొడవున ఆరు పట్టీలు కోయండి. నార పొడవు వైపు ఉండాలి. ఒక్కో పట్టీని నిలువుగా సగానికి మడవండి. ఫారంలోని నాలుగు షీట్లలో లోపలి రెండింటిని ఈ పట్టీతో చుట్టి, బయటి రెండింటిలో పెట్టండి. వెన్ను దగ్గర 20 మి.మీ. పట్టీ పేజీల మధ్య నిలబడుతుంది. ఆరు ఫారాలకూ కలిపి వెన్నులో 1.8 మి.మీ. అదనపు మందం వస్తుంది. ఫోటో కాగితం పావు మిల్లీమీటరు ఉంటుంది కాబట్టి ఏడు ఫోటోలకు చోటు దొరికినట్టే. ఇంకా ఎక్కువ అంటించేవాళ్లు ఫారానికి రెండు పట్టీలు పెట్టుకోవాలి. కొత్తలో పుస్తకం వెన్ను దగ్గర లావుగా, అంచు దగ్గర సన్నగా కనిపిస్తుంది. అలాగే ఉండాలి.

ఇక గుడ్డ. అట్టకు చిక్కగా నేసిన నూలు గుడ్డే మంచిది. మంగళగిరి నూలు, పొందూరు ఖద్దరు, పెడన కలంకారీ, ఇంట్లో మిగిలిన నూలు జాకెట్ ముక్క ఏదైనా సరే. జార్జెట్, షిఫాన్ లోపలి అట్ట కనబడేలా ఉంటాయి. పాలిస్టర్ మైదా జిగురును పీల్చుకోదు, ఆరాక ఊడొస్తుంది. పట్టు మీద నీటి చుక్క పడినా మచ్చ మిగులుతుంది. మొదటిసారి చేసేవాళ్లు దాని జోలికి పోకపోవడమే మేలు.

క్రిస్మస్ అంటే ఎరుపు అంటారు కానీ రంగు దిగడంలో ఎరుపే అన్నిటికన్నా చెడ్డది. తెల్ల గుడ్డ తడిపి, అట్టకు ఎంచుకున్న గుడ్డ మీద గట్టిగా రుద్దండి. తెల్ల గుడ్డకు రంగు అంటితే ఉప్పు నీళ్లలో నానబెట్టినంత మాత్రాన పోతుందని నమ్మకండి. నీళ్లు తేటగా వచ్చేదాకా ఉతికి, ఆరబెట్టి, మళ్లీ రుద్ది చూడండి. అప్పటికీ దిగుతుంటే ఆ గుడ్డ అట్టకు పనికిరాదు, జిగురు తడికి ఎండ్ పేపరు గులాబీ రంగు ఎక్కుతుంది. నాకైతే ఈ పుస్తకానికి ఊదా రంగు మంగళగిరి నూలే నచ్చుతుంది. క్యాథలిక్, లూథరన్, సీఎస్ఐ గుళ్లలో ఆగమన కాలానికి బల్ల మీద పరిచేది ఊదా గుడ్డే, క్రిస్మస్ రాగానే తెలుపుకు మారుస్తారు. ఊదా అట్ట మీద తెల్ల లేసు వేస్తే ఆ రెండు కాలాలూ ఒకే పుస్తకం మీద ఉంటాయి.

లేసు నర్సాపురానిదైతే ఇంకా బాగుంటుంది. గోదావరి డెల్టాకు ఆ క్రోషే అల్లిక 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారానే వచ్చింది. తరతరాలుగా అక్కడి ఊళ్ల ఆడవాళ్లు ఇళ్ల దగ్గరే అల్లుతున్న ఆ లేసుకు 2024లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు కూడా దక్కింది. 30 నుంచి 40 మి.మీ. వెడల్పున్న నూలు లేసు 30 సెం.మీ. చాలు. ముందు ఉతకండి, నూలు లేసు మొదటి ఉతుకులో కుదించుకుపోతుంది.

గుడ్డను నేరుగా అట్టకు అంటిస్తే జిగురు పోగుల సందుల్లోంచి పైకి వచ్చి మెరిసే మచ్చలవుతుంది. అవి మళ్లీ పోవు. అందుకే ముందుగా గుడ్డ వెనకవైపు పల్చటి తెల్ల కాగితం అంటించాలి. రంగు గాలిపటం కాగితం వద్దు, తడికి అదీ రంగు దిగుతుంది. దీనికి మైదా జిగురే సరైనది. చెంచా మైదాకు ఐదు చెంచాల నీళ్లు, ఉండలు లేకుండా కలిపి సన్న సెగ మీద తిప్పుతూ ఉంటే తెలుపు పోయి అద్దంలా మారుతుంది. దించి చల్లార్చి పల్చటి గుడ్డలో వడకట్టండి. పాతకాలం బైండర్లు పురుగు పట్టకుండా ఇందులో చిటికెడు మైలతుత్తం వేసేవాళ్లు. అది విషం. పిల్లలు చేతిలో పట్టుకునే పుస్తకంలో వేయొద్దు, జిగురును పల్చగా రాసి పూర్తిగా ఆరనిస్తే చాలు.

ఇస్త్రీ చేసిన గుడ్డను 400 మి.మీ. వెడల్పు, 300 మి.మీ. ఎత్తున కోసి, అద్దం మీద తిరగేసి పరవండి. నీళ్లు చిలకరించి, పడుగూ పేకా సూటిగా ఉండేలా చేత్తో సర్దండి. ఇక్కడ పోగు వంకర పోతే అట్ట మీద జీవితాంతం వంకరే. గుడ్డకన్నా ప్రతి వైపూ 20 మి.మీ. పెద్దదైన కాగితానికి జిగురు రాసి గుడ్డ మీద వేసి, మధ్య నుంచి అంచులకు పొడి బ్రష్షుతో నొక్కండి. రెండింటినీ కలిపి ఎత్తి, కాగితం వైపు అద్దానికి తగిలేలా తిప్పి, గుడ్డ దాటి మిగిలిన అంచులకు ఆ వైపు కూడా జిగురు రాసి అద్దానికి అతికించండి. ఒక మూల చిన్న కాగితం చీలిక దూర్చి పెడితే మర్నాడు అక్కడి నుంచి కత్తి పెట్టి ఊడదీయొచ్చు. ఫ్యాను కింద పెట్టకండి, ఒక వైపు ముందే ఆరిపోయి గుడ్డ లాగేస్తుంది.

అది ఆరేలోగా కుట్టు పని. ఫారాల మడత మీద పైనుంచి 15, 60, 75, 135, 150, 195 మి.మీ. దగ్గర కంపాస్ ముల్లుతో రంధ్రాలు పెట్టండి. 15 మి.మీ. వెడల్పు నాడా ముక్కలు రెండు, ఒక్కోటి 70 మి.మీ. పొడవు, 60-75 మధ్య ఒకటి, 135-150 మధ్య ఒకటి వెన్ను మీద ఉంటాయి. తేనెమైనం పూసిన గట్టి నూలు దారం 1.75 మీటర్లు తీసుకోండి. మొదటి ఫారంలో 15 దగ్గర బయటి నుంచి లోపలికి దూర్చి, కొస కొంచెం వదిలి, 60లోంచి బయటికి వచ్చి నాడా మీదుగా 75లోకి, 135లోంచి బయటికి, మళ్లీ నాడా మీదుగా 150లోకి వెళ్లి 195లోంచి బయటికి రావాలి. రెండో ఫారం పైన పెట్టి అదే దారిలో వెనక్కి రండి. చివర్లో వదిలిన కొసతో ముడి వేయండి. మూడో ఫారం నుంచి ప్రతి చివరా సూదిని కింది రెండు ఫారాల మధ్య దూర్చి, ఉచ్చులోంచి తీసి, పైకి వెళ్లాలి. దారం ఎప్పుడు బిగించినా వెన్ను వెంబడే లాగండి. మీదికి లాగితే రంధ్రం చీలుతుంది.

మడిచిన ఎండ్ పేపర్లను ముందూ వెనకా, మడత వెంబడి 4 మి.మీ. వెడల్పున జిగురు రాసి అంటించండి. వెన్నుకు తెల్ల జిగురు (ఫెవికాల్ లాంటిది) పల్చగా రాసి, 60 మి.మీ. వెడల్పు, 190 మి.మీ. పొడవున్న పల్చటి నూలు గుడ్డ వేయండి. రెండు వైపులా దాదాపు 25 మి.మీ. చొప్పున రెక్కల్లా మిగలాలి. పుస్తకాన్ని అట్టకు పట్టి ఉంచేవి నాడాలూ ఈ రెక్కలే.

ఆరాక వెన్ను మందం కొలవండి. పైన చెప్పిన కాగితంతో సుమారు 10 మి.మీ. వస్తుంది. అట్టకు 2 మి.మీ. గ్రే బోర్డు, నార నిలువుగా ఉండాలి. రెండు అట్టలు 145 × 216 మి.మీ., వెన్ను పట్టీ 14 × 216. పుస్తకం మందానికి రెండు అట్టల మందం కలిపితే వచ్చిన 14 అది. అట్టకూ వెన్ను పట్టీకీ మధ్య 7 మి.మీ. ఖాళీ, అదే వెన్ను గాడి. ఈ ఖాళీ 5కి తగ్గితే అట్ట తెరుచుకోక ఎండ్ పేపరును లాగుతుంది, 10 అయితే అట్ట ముందుకు జారి వేలాడుతుంది. చుట్టూ మడవడానికి 20 మి.మీ. చొప్పున కలుపుకుంటే గుడ్డ 358 × 256. పడుగు వెన్నుకు సమాంతరంగా ఉండాలి.

లేసును జిగురుతో అంటించకండి. కన్నాల్లో జిగురు నిండి గట్టిపడుతుంది, దుమ్ము పడుతుంది. అట్టకు వేయకముందే గుడ్డకు కుట్టేయాలి. ముందు అట్ట మీద, వెన్ను గాడికి 10 మి.మీ. దూరంలో, నిలువుగా, సన్న దారంతో సెంటీమీటరుకో చిన్న కుట్టు. పైనా కిందా కొసలు మడత లోపలికి పోవాలి. గుడ్డకు జరీ అంచు ఉండి దాన్ని వాడుకోవాలంటే లేసు మానేయండి, రెండూ కలిస్తే బరువుగా కనిపిస్తుంది. జరీని మూల మడతలోకి రానీయొద్దు, అక్కడ విరిగి పోగులు లేస్తాయి.

అంటించడానికి తెల్ల జిగురు రెండు వంతులు, మైదా జిగురు ఒక వంతు. తెల్ల జిగురు ఒక్కటే అయితే సర్దుకునే వ్యవధి లేకుండా పట్టేస్తుంది. జిగురు అట్టకు రాయండి, గుడ్డకు కాదు. అట్టలు పెట్టి తిప్పి, పైన తెల్ల కాగితం వేసి స్టీలు చెంచా వెనకవైపుతో రుద్దండి. గుడ్డ మీద నేరుగా రుద్దితే మెరుపు గీతలు పడతాయి. మూలలను 45 డిగ్రీల్లో కోసేటప్పుడు అట్ట మూలకు 3 మి.మీ. వదలాలి. అంతకన్నా దగ్గరగా కోస్తే అట్ట బయటికి కనిపిస్తుంది, దూరంగా కోస్తే మూల ముద్దగా లేస్తుంది. పైనా కిందా ముందు మడిచి, మూల దగ్గర మిగిలిన గుడ్డను గోటితో లోపలికి నొక్కి, ఆ తర్వాతే పక్కలు మడవండి. మూల ముగింపు అందం ఆ గోటి నొక్కులోనే ఉంది.

పుస్తకాన్ని అట్టలో కూర్చోబెట్టి ఎండ్ పేపరు మధ్యలో ప్లాస్టిక్ షీటు దూర్చండి. జిగురు తడి లోపలి పేజీలకు వెళ్లకుండా అదే ఆపుతుంది. నాడాలూ రెక్కలూ కలిపి పై ఎండ్ పేపరంతా జిగురు రాసి, అట్ట మూసి నొక్కండి. తెరిచి చూడాలనిపిస్తుంది, చూడొద్దు. తడి కాగితం సాగి మడత పడేది అప్పుడే. తిప్పి రెండో వైపూ అలాగే చేసి, రెండు గాడుల్లోనూ సన్న సైకిలు పుల్లలు పెట్టి, ప్లైవుడ్ చెక్కల మధ్య ఉంచండి. లేసు ఉన్న వైపు మడిచిన తువ్వాలు వేస్తే అల్లిక అణగదు. పైన పది కిలోల బియ్యం సంచి, కనీసం 24 గంటలు. అప్పటికీ అట్ట లోపలికి వంగితే ఎండ్ పేపరుకు జిగురు ఎక్కువైందని, బయటికి వంగితే గుడ్డ తడిగా ఉండగా లాగి బిగించారని అర్థం. రెండింటికీ ఇంకో రెండు రోజులు బరువు కింద ఉంచడమే మందు.

వాగ్దానం కార్డుకు జేబు వెనక అట్ట లోపల, పుస్తకం పూర్తిగా ఆరాకే అంటించండి. మొదటిసారి తెరిచేటప్పుడు నేరుగా మధ్యకు విరవకండి. వెన్నును బల్ల మీద ఆనించి ముందు నుంచి నాలుగు ఆకులు, వెనక నుంచి నాలుగు ఆకులు చొప్పున పడుకోబెట్టి, వెన్ను పక్కన వేలితో నొక్కుకుంటూ మధ్యకు రండి.