ఆకలి లేకుండా తినడం

జీర్ణాశయంలో కేన్సర్ అని బయాప్సీలో తేలాక నాకున్న భయాలన్నీ ఆపరేషన్ గురించీ, కీమో గురించీ, పిల్లల గురించీ. జీర్ణాశయం మొత్తం తీసేసి అన్నవాహికను చిన్నపేగుకు కలుపుతామని సర్జన్ గారు బొమ్మ గీసి చూపించారు. అది లేకపోయినా మనిషి బతకవచ్చు, తినవచ్చు, పని చేసుకోవచ్చు అన్నారు. ఆయన చెప్పినవన్నీ నిజమే అయ్యాయి. తినాలనే కోరిక కూడా దాంతోపాటే పోతుందన్న సంగతి మాత్రం ఇంటికి వచ్చాకే తెలిసింది.

మొదట్లో ద్రవాలు, తర్వాత మెత్తటి పదార్థాలు ఇచ్చారు. కాస్త కోలుకుంటే ఆకలి అదే వస్తుందని ఇంట్లో అందరం అనుకున్నాం. రాలేదు. పొద్దున్నుంచి ఏమీ తినకుండా మధ్యాహ్నం దాటిపోయినా ఒంట్లో ఏ కబురూ ఉండేది కాదు. వికారం లేదు. నోటికి రుచి తెలుస్తూనే ఉంది, వాసన బాగానే అనిపిస్తోంది. కావాలనిపించడం ఒక్కటే లేదు. ఆకలి రుచి ఎరుగదంటారు. నాకు రుచి తెలుస్తోంది, ఆకలే లేదు. ఈ స్థితి ఎదుటివాళ్లకు చెప్పడం చాలా కష్టం.

బరువు తగ్గుతూనే ఉంది. అమ్మ పక్కన కూర్చుని, "ఇంకో రెండు ముద్దలు తినవే, నీ పిల్లల కోసమైనా తిను" అని బతిమాలేది. చూడటానికి వచ్చినవాళ్లు మనసు గట్టి చేసుకోమన్నారు. ప్రేమతోనే అన్నారు, కానీ ఆ మాటలు నన్ను బాగా బాధపెట్టాయి. బతకాలన్న ఆశ లేకనే తినడం లేదని వాళ్లు అనుకుంటున్నట్టు తోచేది. నాకు ఆశ ఉంది, బోలెడంత ఉంది.

తర్వాతి చెకప్‌లో ఈ మాటే చెప్పి ఏడ్చాను. అప్పుడు డాక్టర్ గారు గ్రెలిన్ అనే హార్మోన్ గురించి వివరించారు. ఇది ఎక్కువ భాగం జీర్ణాశయంలోనే, ముఖ్యంగా దాని పైభాగంలో తయారవుతుంది. కడుపు ఖాళీ అయ్యేకొద్దీ రక్తంలో పెరిగి, మెదడులోని హైపోథాలమస్‌కు 'తినాలి' అని తెలియజేస్తుంది. తిన్నాక తగ్గిపోతుంది. రోజూ ఒకే వేళకు తినే వాళ్లలో ఆ వేళ దగ్గరపడుతుంటేనే పెరుగుతుందట. జీర్ణాశయం తీసేస్తే దాని మోతాదు బాగా పడిపోతుంది. కడుపు నుంచి మెదడుకు కబుర్లు మోసే వేగస్ నాడి కొమ్మలు కూడా ఈ ఆపరేషన్‌లో తెగిపోతాయి. "మీ మనసులో లోపం లేదమ్మా, ఆకలి పుట్టే చోటే ఇప్పుడు లేదు" అన్నారాయన. ఆ ఒక్క మాటతో ఎంత బరువు దిగిందో చెప్పలేను. మా ఆయన ఇంటికి రాగానే అమ్మను కూర్చోబెట్టి ఇదంతా మళ్లీ చెప్పారు.

ఆ తర్వాత దీని గురించి దొరికిందల్లా చదివాను. గ్రెలిన్‌ను 1999లో జపాన్ శాస్త్రవేత్తలు మసయాసు కొజిమా, కెంజి కంగావా బృందం కనిపెట్టింది. 28 అమైనో ఆమ్లాలున్న చిన్న హార్మోన్ ఇది. గ్రోత్ హార్మోన్ విడుదలకు కూడా తోడ్పడుతుంది. నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది మాత్రం అమెరికాలో డేవిడ్ కమింగ్స్ బృందం 2002లో ప్రచురించిన పరిశోధన. డైటింగ్‌తో బరువు తగ్గినవాళ్లలో గ్రెలిన్ పెరిగిందట. బరువు తగ్గడం కోసం జీర్ణాశయంలో ఎక్కువ భాగాన్ని తప్పించి తిండిని పేగులోకి మళ్లించే గ్యాస్ట్రిక్ బైపాస్ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లలో చాలా తక్కువగా ఉందట. అంటే బరువు తగ్గించుకోవాలని కష్టపడేవాళ్ల ఒంట్లో ఆకలి ఇంకా పెరుగుతుంటే, మనం వాళ్లను 'నోరు కట్టుకోలేరు' అంటున్నాం. తినలేని నాకు పట్టుదల లేదన్నారు, తినకుండా ఉండలేని వాళ్లకూ పట్టుదల లేదంటారు. రెండూ అన్యాయమే.

ఇక కోలుకోవడం గురించి. ఆకలి చెప్పదు కాబట్టి గడియారమే చెప్పాలని డైటీషియన్ అన్నారు. ఫోన్‌లో అలారాలు పెట్టుకున్నాను. రెండు మూడు గంటలకోసారి కొంచెం కొంచెం, బాగా నమిలి, మాంసకృత్తులు ఉన్నది ముందు తినాలి. తినేటప్పుడు నీళ్లు ఎక్కువ తాగకూడదు, కాస్త ఎడం ఇవ్వాలి. తీపి గబగబా తింటే గుండె దడ, చెమటలు, కడుపులో మెలిపెట్టే నొప్పి. దీన్ని డంపింగ్ అంటారు. తిన్నది ఆగే చోటు లేక ఒక్కసారిగా పేగులోకి దిగిపోవడం వల్ల వస్తుంది. ఒకటి నుంచి మూడు గంటల తర్వాత వచ్చే రెండో రకం ఇంకా భయపెడుతుంది, షుగర్ ఉన్నట్టుండి పడిపోయి కళ్లు తిరుగుతాయి. రెండూ అనుభవించాను. ఏది ఎంత తింటే పడుతుందో నోట్‌బుక్‌లో రాసుకుంటూ వెళితే క్రమంగా తగ్గాయి. విటమిన్ బీ12ను ఒంటికి పట్టించే పదార్థం జీర్ణాశయంలోనే తయారవుతుంది కాబట్టి ఆ ఇంజెక్షన్ జీవితాంతం తప్పదు. ఐరన్ పరీక్షలూ అంతే.

అన్నిటికన్నా కష్టం విసుగు. కోరిక లేని పనిని రోజుకు అన్నిసార్లు చేయాలి. నాకు పనికొచ్చింది ఒంటరిగా తినకపోవడం. నా అలారం మోగితే ఇంట్లో ఎవరో ఒకరు వచ్చి కూర్చుని కబుర్లు చెబుతారు, నా పళ్లెంలోకి చూడరు. ఈ చివరి షరతు నేనే పెట్టాను.

చిన్నపేగు, క్లోమం కూడా కొంత గ్రెలిన్ తయారు చేస్తాయి. దానివల్లో, అలవాటు వల్లో గానీ, ఈమధ్య అలారానికి ముందే ఏదో వెలితిగా అనిపిస్తోంది. పాత ఆకలిలా కాదు, నీరసానికి దగ్గరగా ఉంటుంది. బరువు ఆపరేషన్‌కు ముందున్నంత లేదు, కానీ నిలకడగా ఉంది. మళ్లీ ఉద్యోగానికి వెళుతున్నాను.

గ్రెలిన్‌లా పనిచేసే అనమోరెలిన్ అనే మాత్రకు 2021లో జపాన్‌లో అనుమతి వచ్చింది. కేన్సర్ వల్ల బాగా చిక్కిపోయిన కొందరు రోగులకు ఇస్తున్నారు, జీర్ణాశయ కేన్సర్ వాళ్లు కూడా అందులో ఉన్నారు. ఇలాంటివి అందరికీ అందే రోజు కోసం ఎదురుచూస్తున్నాను. ఈలోగా ఎవరింట్లోనైనా ఈ ఆపరేషన్ ఉంటే, ఆకలి సంగతి డాక్టర్‌ను ముందే అడగండి, డైటీషియన్‌తో మాట్లాడేటప్పుడు ఇంట్లో వండేవాళ్లనూ పక్కన కూర్చోబెట్టండి.