సీనియర్ల వీలునామాల పేజీని నేను కూర్చిన వైనం

అమెరికాలో హైస్కూలు చదువు తొమ్మిదో తరగతితో మొదలై పన్నెండో తరగతితో ముగుస్తుంది. ఆ నాలుగేళ్ల విద్యార్థులను వరుసగా ఫ్రెష్‌మన్, సోఫమోర్, జూనియర్, సీనియర్ అని పిలుస్తారు. చదువు ముగించుకొని వెళ్లిపోయే సీనియర్లు బడిపత్రిక చివరి సంచికలోనో, ఇయర్‌బుక్‌లోనో తమ తరువాతివారి పేరిట ఉత్తుత్తి వీలునామాలు రాయడం అక్కడి చాలా బడులలో ఉన్న ఆచారం. రాసివ్వడానికి ఆస్తులేమీ ఉండవు కనుక అలవాట్లను, వంకలను, బడాయిని, బద్ధకాన్ని రాసి ఇస్తారు. గుంటూరులో తొమ్మిదో తరగతి ముగించి న్యూ జెర్సీలో పదో తరగతిలో చేరిన నేను, అక్కడి బడిపత్రికలో పనిచేస్తూ, సీనియర్‌నైన ఏడాది ఈ పేజీని కూర్చే బాధ్యత తీసుకున్నాను. రచనలను ఆహ్వానించడం నుంచి అచ్చయిన ప్రతులను పంచడం దాకా ఆ పని ఎలా సాగిందో రాస్తున్నాను.

ఈ ఆచారం నిన్న మొన్నటిది కాదు. ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాల ఇయర్‌బుక్కులు తిరగేస్తే క్లాస్ హిస్టరీ, క్లాస్ ప్రాఫెసీ, క్లాస్ విల్ అనే మూడు శీర్షికలు తరచుగా పక్కపక్కనే కనిపిస్తాయి. మొదటిది తరగతి గడిచిన చరిత్ర, రెండవది ఎవరు ఏమవుతారో చెప్పే హాస్య జోస్యం, మూడవది వీలునామా. చాలాచోట్ల వీటిని పట్టా ఇచ్చే రోజులలో క్లాస్ డే అనే వేడుకలో బిగ్గరగా చదివేవారు. ఆ పాత వీలునామాలలో తరగతి మొత్తం ఒకే గొంతుతో మాట్లాడేది. ఒక్కొక్క సీనియరు విడివిడిగా తన స్నేహితులకు రాసుకొనే పద్ధతి మా కాలానికి స్థిరపడింది. పాత పద్ధతిలోని గొప్పతనం నాకు పేజీ కూర్చుతున్నప్పుడే అర్థమైంది. ఆ సంగతి తరువాత చెబుతాను.

మన వైపు పదో తరగతి వీడ్కోలు సభలలోను, ఇంటర్ కళాశాలలలోను జూనియర్లు సీనియర్లకు బిరుదులు ఇస్తారు. ఎప్పుడూ ఆలస్యంగా వచ్చేవాడికి ఒక బిరుదు, నోరు మూయనివాడికి ఇంకొకటి. మన దగ్గర ఎగతాళి కింది నుంచి పైకి పోతుంది, వెళ్లిపోయేవాడు నవ్వి ఊరుకుంటాడు, మరునాటికి అది మరుగున పడుతుంది. అమెరికా వీలునామాలలో పై నుంచి కిందికి వస్తుంది, అదీ అచ్చులో వస్తుంది. రాసినవాడు ఆగస్టుకల్లా ఏదో ఊరిలో కాలేజీకి వెళ్లిపోతాడు. రాయించుకున్నవాడు మాత్రం అదే బడిలో, అవే మెట్ల మీద, ఆ మాటను మోస్తూ ఇంకా రెండు మూడేళ్లు తిరగాలి. మేము పెట్టుకున్న నియమాలన్నీ ఈ తేడా నుంచి పుట్టినవే.

ఏప్రిల్‌లో గూగుల్ ఫారం తయారుచేసి సీనియర్లందరికీ పంపాము. రాసేవారి పేరు, పొందేవారి పేరు, ఇచ్చే గుణం, అన్నీ కలిపి 100 మాటలకు మించకూడదు. పొందేవారి పేరు పూర్తిగా ఉండాలి. పొడి అక్షరాలు, ముద్దుపేర్లు, సంకేతాలు ఒప్పుకోము, ఎందుకంటే ఎవరి గురించి రాశారో తెలియని వాక్యాన్ని సరిచూడడం ఎవరి తరమూ కాదు. పొందేవారికి వారి భాగాన్ని ముందుగా చూపించి, సరేనంటేనే వేస్తాము. ఈ చివరి నియమం మీద పత్రిక గదిలోనే పెద్ద వాదం జరిగింది. ముందే చూపిస్తే ఆశ్చర్యం ఏముంటుందని కొందరు, ఆశ్చర్యం ఎవరికి కావాలో ఎవరికి అక్కరలేదో మనకేం తెలుసునని కొందరు అన్నారు. రెండవ పక్షంలో నేనున్నాను, ఇప్పటికీ ఉన్నాను.

మే మొదటి తేదీ నాటికి చాలామంది తాము చేరబోయే కాలేజీని తేల్చుకుంటారు. ఆ వెంటనే రెండు వారాల పాటు ఏపీ పరీక్షలు. ఈ ఏపీ అంటే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, మన రాష్ట్రం కాదు. పరీక్షల తరువాత సీనియర్లకు పట్టే సోమరితనానికి సీనియరైటిస్ అని పేరే ఉంది. గడువు నాటి మధ్యాహ్నం దాకా వేళ్ల మీద లెక్కించదగినన్ని వీలునామాలే వచ్చాయి. మిగిలినవన్నీ అర్ధరాత్రికి కాస్త ముందు ఒక్కసారిగా వచ్చి పడ్డాయి. వాటిలో సగానికి పైగా తమ సోమరితనాన్నే ఎవరికో ఒకరికి రాసి ఇచ్చాయి.

మొదలు దాదాపు అందరిదీ ఒకటే. అసలు వీలునామాల ఫక్కీని అనుకరిస్తూ, స్థిరమైన బుద్ధితోను ఆరోగ్యవంతమైన శరీరంతోను ఉన్న నేను అని మొదలుపెట్టి, వెంటనే ఆ రెండింటిలో ఒకటి తమకు లేదని ఒప్పుకుంటారు. ఈ చమత్కారం మొదటి పది వీలునామాలలో బాగుంటుంది. ఆ తరువాత చదివేవారికి ఆవలింత వస్తుంది. అందుకని ఆ వాక్యాన్ని అందరి తరఫున పేజీ నెత్తిన ఒక్కసారి వేసి, విడివిడి వీలునామాలలో కొట్టివేశాము. కొందరు అలిగారు కాని చాలా చోటు మిగిలింది.

లోపలి సరుకు మాత్రం రకరకాలుగా ఉంది. మార్చింగ్ బ్యాండులో ట్రంపెట్ వాయించే ఒకతను, స్వరం తప్పినప్పుడల్లా పక్కవాడి వైపు కోపంగా చూసే తన నేర్పును వెనక వరుసలోని సోఫమోర్‌కు ఇచ్చాడు. దూరపు పరుగు జట్టులోని ఒక అమ్మాయి, కోచ్ కనబడే మలుపులో మాత్రమే వేగం పెంచే తన విద్యను ఒక ఫ్రెష్‌మన్‌కు ఇచ్చింది. రసాయనశాస్త్రం ప్రయోగశాలలో గాజు పరికరం పగిలిన చప్పుడుకు ముందే అక్కడి నుంచి మాయమయ్యే శక్తిని ఒకరు, పార్కింగ్ స్థలంలో రెండు గీతల మధ్య కారు పెట్టలేని అశక్తతను ఒకరు రాసి ఇచ్చారు. వీటిలో దిద్దవలసింది దాదాపు ఏమీ లేదు. చదువుతూ ఉండగా ఒక విషయం నాకు స్పష్టపడింది: ఇచ్చేవాడు తన లోపాన్ని తాను ఇచ్చినప్పుడు హాస్యం దానంతట అదే పండుతుంది, పొందినవాడు కూడా నవ్వుతాడు. పొందేవాడికి ఏదో లేదని, అందుకే ఇస్తున్నానని రాసినప్పుడు పుల్ల విరుపు మొదలవుతుంది. స్నానం చేసే అలవాటును ఇస్తున్నాను, స్నేహితులను సంపాదించే నేర్పును ఇస్తున్నాను అనే రకం వాక్యాలు రాసినవారికి కూడా చిన్న మాటలుగానే కనిపిస్తాయి.

అటువంటివాటిని వెనక్కి పంపేటప్పుడు ఇది బాగోలేదు అని మాత్రమే రాస్తే జవాబు వచ్చేది కాదు. అందుచేత అదే గుణాన్ని తిరగవేసి రాయమని అడిగేవాళ్లం. స్నేహితులను సంపాదించే నేర్పు అన్నవాడు చివరికి, కొత్తవారితో మాట్లాడవలసి వస్తే చెమటలు పట్టే తన జబ్బును, రెండేళ్ల పాటు ఒకే బల్ల దగ్గర మౌనంగా కూర్చొని తినడంలో సంపాదించిన ప్రావీణ్యాన్ని అదే కుర్రవాడికి ఇస్తున్నట్టు రాశాడు. ఆ ఇద్దరూ నిజంగానే పక్కపక్క బల్లల దగ్గర కూర్చొనేవారు. మొత్తం పేజీలో నాకు అన్నిటికంటే నచ్చిన వీలునామా అదే.

ఆపై దొంగచాటు సరుకును పట్టుకొనే పని. తాగుడు, మత్తుమందులు, శృంగారం గురించి తిన్నగా రాస్తే అచ్చు కాదని అందరికీ తెలుసు కనుక, తెలివైనవారు మారుమాటలు వాడతారు. వాక్యాల మొదటి అక్షరాలను పైనుంచి కిందికి చదివితే బూతుమాట వచ్చేలా అమర్చేవారు కూడా ఉన్నారు. అర్థం కాని ప్రతి పదబంధాన్ని ఇంటర్నెట్‌లో వెతికేవాళ్లం. అక్కడా దొరకకపోతే రాసినవాడినే పిలిచి, ఈ మాట మీ అమ్మగారికి ఎలా వివరిస్తావో అలాగే మాకు వివరించు అనేవాళ్లం. వివరించలేకపోతే ఆ మాట పోయేది. కొన్ని బడులు ఈ తలనొప్పి భరించలేక వీలునామాలనే మానుకున్నాయి.

మా వడపోత తరువాత పత్రికకు సలహాదారుగా ఉన్న టీచరు చదివారు, ఆ తరువాత ప్రిన్సిపాల్ కార్యాలయం చదివింది. ఈ రెండో చదువుకు వారికి అధికారం ఎక్కడిదని నేను అడిగితే టీచరు ఓపికగా రెండు తీర్పుల గురించి చెప్పారు. వియత్నాం యుద్ధానికి నిరసనగా నల్లపట్టీలు కట్టుకొని బడికి వచ్చిన పిల్లల పక్షాన సుప్రీం కోర్టు 1969లో టింకర్ కేసులో తీర్పు చెప్పింది; బడి గేటు దాటినంత మాత్రాన విద్యార్థుల భావప్రకటన హక్కు పోదని తేల్చింది. 1988లో హేజల్‌వుడ్ కేసులో మాత్రం, విద్యార్థినుల గర్భధారణ, తల్లిదండ్రుల విడాకుల గురించిన వ్యాసాలున్న రెండు పేజీలను మిస్సోరీలోని ఒక ప్రిన్సిపాల్ తీసివేయడం రాజ్యాంగ విరుద్ధం కాదన్నది. బడి తానుగా నడిపే పత్రిక విషయంలో విద్యాపరమైన సమంజసమైన కారణముంటే అధికారులు అదుపు చేయవచ్చునన్నది. విద్యార్థి పత్రికలకు అంతకంటే ఎక్కువ రక్షణనిచ్చే చట్టం న్యూ జెర్సీలో 2021 డిసెంబరులో వచ్చింది. నేను అప్పటికే కాలేజీలో ఉన్నాను. పరువు తీసే రాతలకు ఆ చట్టం కూడా అండగా నిలవదు కనుక మా వడపోతలో పెద్ద మార్పేమీ ఉండేది కాదు.

ఇక నా వీలునామా. బడికి వచ్చిన కొత్తలో టీచరు గదిలోకి అడుగుపెట్టగానే లేచి నిలబడేదాన్ని. ఎవరూ లేవకపోవడం చూసి, పడిపోయిన పెన్సిలు తీసుకోవడానికి లేచినట్టు నటించేదాన్ని. ప్రతి కాగితానికీ స్కేలుతో మార్జిను గీసేదాన్ని, జవాబు ముగియగానే కింద రెండు గీతలు కొట్టేదాన్ని. ఆ ఏడాదే వరంగల్ నుంచి వచ్చి చేరిన ఒక అబ్బాయికి ఆ మూడు అలవాట్లనూ సంపూర్ణ హక్కులతో రాసి ఇచ్చాను. ముందుగా చూపించినప్పుడు అతడు, “అక్కా, మార్జిను నాకు ముందే ఉంది, మిగతా రెండూ తీసుకుంటాను” అన్నాడు. ఆ ప్రకారమే సవరించాను.

వీలునామా అనే మాట వినగానే ఫోనులో మా అమ్మమ్మ, పదిహేడేళ్ల పిల్ల నోట ఆ అశుభం ఏమిటని కంగారుపడింది. తాతయ్య తెనాలిలో దస్తావేజు లేఖరిగా పనిచేసి విశ్రాంతి తీసుకున్న మనిషి. ఆయన కంగారు పడలేదు కాని, ముసాయిదా మొత్తం చదివించుకొని తప్పులు ఎంచారు. “మైనరు రాసిన వీలునామా చెల్లదమ్మా. చెల్లినా సాక్షులిద్దరి సంతకాలు ఏవీ?” అన్నారు. వయసు గురించిన నియమం న్యూ జెర్సీలోనూ అదే, 18 ఏళ్లు నిండాలి. సాక్షులు అక్కడా ఇద్దరు కావాలి. వయసు విషయంలో మేము చేయగలిగింది లేదు. సాక్షుల మాట మాత్రం మా సంపాదకవర్గానికి ఎంతగానో నచ్చింది. నాలుగేళ్లుగా మేము ఆలస్యంగా రావడాన్ని ప్రతి ఉదయమూ చూసిన ద్వారం దగ్గరి సెక్యూరిటీ ఉద్యోగిని, మా చెత్తను ప్రతి సాయంత్రమూ ఊడ్చిన శుభ్రత సిబ్బందిలో ఒకరిని అడిగితే, ఇద్దరూ ఆనందంగా పేజీ అడుగున సంతకాలు చేశారు. వాళ్ల సంతకాలు పడ్డాక మిగిలినదంతా నిజంగానే దస్తావేజులాగా కనిపించింది.

పేజీని కంప్యూటరులో అమర్చుతున్నప్పుడు నేను పైన వాయిదా వేసిన సంగతి బయటపడింది. పొందేవారి పేర్లన్నీ అక్షరక్రమంలో పెట్టి చూస్తే, కొన్ని పేర్లు పదే పదే వచ్చాయి, చాలా పేర్లు ఒక్కసారి కూడా రాలేదు. జట్లలో, బ్యాండులో, నాటక బృందంలో ఉన్నవారికి తలా నాలుగైదు వాటాలు. గంట కొట్టగానే ఇంటికి పోయి తమ్ముళ్లను చూసుకొనేవారికి, బడి అయ్యాక దుకాణంలో పనిచేసేవారికి ఏమీ లేదు. ఎవరి పేరు రాయాలో సీనియర్లకు మేము చెప్పలేము. అప్పుడు పాత ఇయర్‌బుక్కుల పద్ధతి అక్కరకు వచ్చింది. తరగతి మొత్తం తరఫున ఒక ఉమ్మడి వీలునామా రాసి, పేర్లు లేకుండా వాటాలు పెట్టాము: ఉదయం ఆలస్యమైనప్పుడు చెప్పదగిన మంచి కారణం, అవసరమైన ప్రతి ఒక్కరికీ; నాణెం మింగి పానీయం ఇవ్వని యంత్రాన్ని తన్నవలసిన సరైన చోటు, దాహం వేసినవారికి; గ్రంథాలయంలో కిటికీ పక్క కుర్చీలో కూర్చొని చదువుతున్నట్టు నిద్రపోయే కళ, ఆ కుర్చీ ఎవరికి దక్కితే వారికి. చోటు కోసం విడి వీలునామాలలో మరికొన్ని మాటలు కోయవలసి వచ్చింది, వాటిలో నావే ఎక్కువ.

జూన్‌లో పత్రిక వచ్చిన రోజున భోజనాల హాలులో ఎవరూ మొదటి పేజీ చూడలేదు. అందరూ తిన్నగా మధ్యకు తిప్పి, తమ పేరు వెతుక్కున్నారు. రాసినవారు కొంచెం దూరంలో నిలబడి తమకేమీ పట్టనట్టు ఫోన్లు చూసుకున్నారు. ఆ మధ్యాహ్నం నేను ఎన్నడూ పేరు వినని ఒక ఫ్రెష్‌మన్ పత్రిక గది తలుపు తట్టి, కిటికీ పక్క కుర్చీ విషయంలో తనకూ ఇంకొకరికీ తగవు వచ్చిందని, వీలునామా ప్రకారం అది ఎవరిదో తేల్చమని అడిగాడు. మేము సీనియర్లం ముగ్గురం కూర్చొని ఇద్దరి వాదనలూ విన్నాము; సోమ, బుధవారాలు అతడికి, మంగళ, గురువారాలు రెండో పక్షమైన అమ్మాయికి, శుక్రవారం ముందు వచ్చినవారికి అని కాగితం మీద రాసి సంతకాలు చేసి ఇచ్చాము. సాక్షి సంతకం కోసం వాళ్లిద్దరూ కలిసే ద్వారం దగ్గరికి వెళ్లారు.